తలుపు మీది రబ్బరు మరకలు

శ్రీవారికి,

మీ ఉత్తరం పోయిన వారమే చేరింది. ఇక్కడ అమ్మాయీ నేనూ కులాసాగానే ఉన్నాం. అది మీకన్నా బాగా తింటోంది, నాకన్నా బాగా నిద్రపోతోంది. మీరు సైట్ క్యాంటీన్ తిండితో చిక్కిపోలేదనే నమ్ముతున్నాను. నమ్మడం తప్ప ఇక్కణ్ణుంచి చేయగలిగిందేముంది? ఫోన్ చేస్తే "ఊఁ", "సరే", "ఉంటా" తప్ప మీ నోట మరో మాట రాలదు కాబట్టి ఉత్తరాలే నయం.

ముందు మీరడిగినవి. వంటింటి కుళాయి కారడం ఆగింది. ప్లంబరు మళ్లీ వచ్చి, మొదటిసారి వచ్చింది తాను కాదన్నట్టు మొహం పెట్టి వాషరు మార్చి వెళ్లాడు. నా మెడనొప్పి తగ్గింది, అంటే అలవాటైంది. అమ్మాయి పరీక్షలు బాగా రాశానంటోంది. "ఎంత బాగా?" అంటే "నాన్న డ్రైవింగంత బాగా" అంది. పొగడ్తో వెక్కిరింతో తేల్చుకోలేకపోయాను. ఇక, కారు కొనడానికి ఎవరైనా చూసుకోను వచ్చారా అని అడిగారు. వచ్చారు. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను, ఇప్పటికి రెండుసార్లు లేచాను. ఒకసారి పొయ్యి కట్టేశానో లేదోనని. ఇంకోసారి ఊరికే, కిందికి వెళ్లి బండి చుట్టూ తిరిగి రావడానికి.

మీ ఉత్తరం ఎప్పుడూ అర పేజీ దాటదు. క్షేమం, పని ఎక్కువ, వాన పడింది, అంతే. ఈసారి రబ్బరు మరకలు ఎలా తీయాలో మూడు పేజీలు రాశారు! రేసు ట్రాక్ మీద టైర్లు కాగి మెత్తబడతాయని, ముందు పోయే బండి చక్రాలు విసిరిన రబ్బరు తునకలు బంపరుకీ తలుపుల కింది భాగానికీ అంటుకుంటాయని, అది మురికి కాదు గనక నీళ్లకు పోదని. "ఎండలో పెట్టి తుడవకు. ముందు షాంపూ నీళ్లతో ఇసుకంతా కడిగెయ్యి. తర్వాత తారు తీసే మందు కొట్టి, మరక కాటుక కరిగినట్టు జారేదాకా ఆగు. రుద్దకు, అద్ది తీయి. గుడ్డ నల్లబడితే మడత మార్చు." మీకు కాటుక అనే మాట వచ్చని పెళ్లయిన ఇన్నేళ్లకు తెలిసింది. నాకెప్పుడూ ఏదీ ఇంత ప్రేమగా చెప్పలేదండీ మీరు.

ఆ పేజీలు పట్టుకుని బండి నీడలో పెట్టి, మీ పాత చొక్కా ఒకటి వేసుకుని మొదలుపెట్టాను. అమ్మాయి మందు సీసా పట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా, రేపు పరీక్ష ఉన్నట్టు చదువుతున్నావు?"

"మీ నాన్న రాశారే."

"నాన్నా? ఇంతా? ఎవరైనా కట్టేసి రాయించారేమో చూడు."

నవ్వుకున్నాం. మందు కొట్టి ఆగితే నిజంగానే నల్లగా చారలు జారాయి. అద్ది తీస్తుంటే కింద నుంచి ఎరుపు బయటపడుతోంది. కుడి తలుపు మీద పొడుగ్గా పట్టిన ఆ మరక మాత్రం పూర్తిగా పోలేదు. దాన్ని మరిచిపోగలనా? ఆ రోజు మీరు ట్రాక్ నుంచి వచ్చినప్పుడు మీ మొహం కన్నా ముందు ఆ తలుపే చూశాను. "పక్క బండి టైరు రాసుకుంది, అంతే" అన్నారు. ఆ "అంతే"కి నాకు ఒళ్లు మండింది. బండి కావాలో మేం కావాలో తేల్చుకోమన్నాను. మీరు వాదిస్తారనుకున్నాను. నా దగ్గర ఇంకా చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. మీరు తాళాలు బల్ల మీద పెట్టేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

గెలిచాననే అనుకున్నాను. తర్వాత మీరు, అందరూ వద్దనుకున్న ఆ దూరపు సైట్‌లో పనికి ఒప్పుకున్నారు. బండి అమ్మెయ్యి అని వెళ్లేముందు గుమ్మంలో నిలబడి చెప్పారు, చెత్తబుట్ట బయట పెట్టు అన్నంత మామూలుగా.

మొన్న బ్యాంకు ఉద్యోగి ఒకాయన భార్యతో కలిసి వచ్చాడు. నీడలో చూసినంతసేపూ మురిసిపోయాడు. "ఒకసారి ఎండలోకి తీయండమ్మా" అన్నాడు. తీశాను. కుడి తలుపు నిండా సన్నని గీతలు, గుండ్రంగా, సాలెగూడు అల్లినట్టు.

"ఇదేంటండీ? అంట్లు తోమే పీచు గానీ వాడారా?"

"పోనీలెండి, పాపం ఆవిడ కష్టపడి కడిగింది" అంది ఆయన భార్య.

"కష్టపడిందనేగా కనిపిస్తోంది!"

అమ్మాయి ఫక్కున నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. ఆయన ధర తగ్గిస్తే ఆలోచిస్తానన్నాడు. గీతలెలా పడ్డాయో తెలియదని చెప్పాను. అమ్మాయికీ అదే చెప్పాను. మీకు మాత్రం అలా రాయడానికి చెయ్యి రావడం లేదు.

మందుకు పోనిదాన్ని, బంకమట్టిలా ఉండి మరకను అంటించుకుని లాగే ఆ క్లే ముద్దతో తీయమన్నారు కదా. అమ్మాయి లోపలికి వెళ్లాక ఆ ముద్ద నా చేతిలోంచి జారి నేల మీద పడింది. మీ మూడు పేజీల్లో ఒక్క వాక్యం కిందే గీత ఉంది: "కింద పడితే ఎంత కొత్తదైనా పారేయి, ఇసుక పట్టేస్తుంది." అది నేను చదివాను. డబ్బాలో ఇంకో ముద్ద కూడా ఉంది. అయినా పడిన ముద్దనే తీసి, చొక్కాకి తుడిచి, తలుపు మీద పెట్టి రుద్దాను. మెల్లిగా కాదు. గరగరమంటున్నట్టు చేతికి తెలుస్తూనే ఉంది. ఆపలేదు.

ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఆ తలుపు మీది కోపం కావచ్చు. అమ్మకం చెడాలని కావచ్చు. మరకలన్నీ పోతే, ఆ మూడు పేజీలు రాసిన మనిషిని కూడా కడిగి తుడిచి ఎవరికో అప్పగిస్తున్నట్టే కదా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. లేదా అది ఇప్పుడు రాస్తూ రాస్తూ అల్లుకున్నదేమో. చదువుకున్నదాన్ని, కారణాలకు నాకెప్పుడూ కరువు లేదు. మళ్లీ లేచి వెళ్లి చూసొచ్చాను. గీతలు అలాగే ఉన్నాయి, కారణం మాత్రం మారుతోంది.

నా భయం తగ్గిందనుకోకండి. మీరు ట్రాక్‌కి వెళ్తే ఇప్పటికీ తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. వెళ్లమని రాయడం లేదు. మానెయ్యమనీ రాయడం లేదు. మీరు నిజంగా విసిగి మానేశారో, నా నోటికి జడిసి మానేశారో అది తెలియకుండా బండి అమ్మడం నా వల్ల కావడం లేదు. మీ జవాబు వచ్చేదాకా ఆగమని ఆ బ్యాంకాయనతో చెప్పాను.

మీ బండి నేను చేజేతులా పాడుచేశానండీ. అందుకని ముందు నన్ను తిట్టండి. క్లే గురించి ఎంత శ్రద్ధగా రాశారో అంత శ్రద్ధగా, పేజీలు నింపి తిట్టండి. ఆ రోజు బల్ల దగ్గర అనాల్సినవి కూడా కలిపి తిట్టండి. నేనూ ఊరుకోను, జవాబు రాస్తాను. ఆ తర్వాత అమ్మమంటే అమ్ముతాను, ఉంచమంటే ఉంచుతాను. "పర్వాలేదులే, ఎంతకో అంతకు ఇచ్చెయ్యి" అని ఒక్క ముక్క రాసి మాత్రం ఊరుకోకండి. అది తాళాలు మళ్లీ బల్ల మీద పెట్టడమే అవుతుంది, ఈసారి నేను వాటిని తీసుకోలేను.

ఇట్లు,
మీ తిట్ల కోసం ఎదురుచూస్తూ,
మీ ఆవిడ