వెళ్లేటప్పుడు గంట, వచ్చేటప్పుడు ఏడు

చిరంజీవి చెల్లెమ్మకు అన్నయ్య దీవెనలు.

మేనకోడలి పెళ్లికి నువ్వు పంపిన విమానం టికెట్లు అందాయి. తొమ్మిదికి ఎక్కితే పదికల్లా దించుతారట. వచ్చేటప్పుడు మాత్రం నాలుగుకి ఎక్కితే పదకొండుకట! అవే రెండు విమానాశ్రయాలు, అదే దూరం. ముప్ఫై ఏళ్లుగా వాచీలు రిపేరు చేస్తున్న నాకే లెక్కలు చెబుతారా! టికెట్ల ఆఫీసుకెళ్లి కడిగేశాను. అక్కడి అమ్మాయి నవ్వి ఊరుకుంది.

నీ అన్నయ్య

తా.క. గంట ప్రయాణమే కదా, తిండి కట్టుకోవడం లేదు.

*

అన్నయ్యకు నమస్కారాలు.

ఆ అమ్మాయి మీద అరిచావా, నా ఖర్మ! ఎటైనా నాలుగు గంటలే అన్నయ్యా. ఇక్కడి టైం మీకంటే మూడు గంటలు వెనక, అందుకే టికెట్లో అలా ఉంది. దిగగానే వాచీ వెనక్కి తిప్పుకో. మన పిల్లను వాళ్ల నాన్న పోయాక పెంచింది నువ్వే. సాక్షి సంతకం మామయ్య పెట్టకపోతే పెళ్లే వద్దని భీష్మించుకు కూర్చుంది. రిజిస్ట్రారాఫీసు వాళ్లు టైం చెప్పగానే రాస్తాను.

నీ చెల్లెలు

తా.క. తిండి కట్టుకో. ఆకలేస్తే నీ నోరు మంచిది కాదు.

*

చెల్లెమ్మకు దీవెనలు.

మా వీధి వీధంతా నా వాచీ చూసి టైం సరిచేసుకుంటుంది. సరిగ్గా నడిచే వాచీని నా చేత్తో నేనే తప్పు చెయ్యాలా? చచ్చినా తిప్పను.

నీ అన్నయ్య

తా.క. ఇది కోపంతో రాసింది కాదు. కోపంతో రాసింది చింపేశాను.

*

అన్నయ్యకు నమస్కారాలు.

నీతో వాదించడం నా వల్ల కాదు. తిప్పకు. పెళ్లి శనివారం రెండింటికి. ఆఫీసు విమానాశ్రయానికి ఎదురుగానే. ఆలస్యం చేశావో, పిల్ల ఏడుస్తుంది, నేను నిన్ను ఏడిపిస్తాను.

నీ చెల్లెలు

తా.క. రెండంటే రెండే. ఇంకేమీ ఆలోచించకు.

*

చెల్లెమ్మకు దీవెనలు.

క్షేమంగా ఇల్లు చేరాను. సంతకం పెట్టి మళ్లీ విమానానికి పరుగెత్తడంతో అడగడం కుదర్లేదు. నేను వచ్చేసరికి అందరి మొహాలూ అలా మాడిపోయి ఉన్నాయేమిటి? పిల్ల కళ్లు వాచిపోయాయి. రెండు కొట్టేసరికి వచ్చాను కదా! నిజం చెప్పనా? విమానం దిగాక, ఆ పిల్ల ముందు నా పంతం ఎంత అనిపించింది. జన్మలో మొదటిసారి వాచీ వెనక్కి తిప్పాను. ఇంకా బోలెడు టైం ఉందని కాఫీ తాగి, గడ్డం గీయించుకుని, బల్ల మీద ఓ కునుకు కూడా తీశాను.

నీ అన్నయ్య

తా.క. నాలుగు గంటల ప్రయాణమే. ఒప్పుకుంటున్నాను. ఎవరికీ చెప్పకు.

*

అన్నయ్యా, నీకో దండం!

పెళ్లి పదకొండుకి. నువ్వు ఎలాగూ వాచీ తిప్పవు, మా పదకొండుకి నీ వాచీలో రెండవుతుంది కదా అని రెండని రాశాను. ఇన్నేళ్ల మొండితనం సరిగ్గా ఆ పూటే వదులుకోవాలా! మామయ్య రాందే సంతకం పెట్టనని పిల్ల ఒకటే ఏడుపు. పన్నెండు దాటితే తాళం వేస్తానన్నారు రిజిస్ట్రారుగారు. “మా అన్నయ్య ఎంత పాత గడియారాన్నైనా నడిపిస్తాడండీ” అని నోటికొచ్చింది అనేశాను. ఆయన తాళం పక్కన పెట్టి, సొరుగులోంచి వాళ్ల తాతగారి జేబు గడియారం తీశారు. వెంటనే గుమాస్తాలందరూ తమ వాచీలు విప్పారు. అన్నీ ఈ పొట్లంలో ఉన్నాయి. నువ్వు బాగుచేస్తావని మాటిచ్చాకే మనకోసం కూర్చున్నారు. నీ ఉత్తరం చదివి “నాకోసం మామయ్య వాచీ తిప్పాడా” అని పిల్ల మళ్లీ ఏడ్చింది. అది వేరే ఏడుపులే.

నీ చెల్లెలు

తా.క. పట్టీ మార్చమని ఇచ్చిన రెండు వాచీలు బాగానే నడుస్తున్నాయి. నీకు మూడు గంటలు వెనకగా కనిపిస్తాయి. నీకు పుణ్యముంటుంది, వాటిని సరిచెయ్యకు!