చల్లబడ్డ కొలిమి

బావగారికి,

మీ క్షేమసమాచారాలు చెల్లెలు చెబుతూనే ఉంది కనుక అవి అడగను. మీ గ్యాస్ కంపెనీ నివేదిక రెండుసార్లు చదివాను. "పుస్తకాల పురుగుకి వ్యాపారం ఏం తెలుస్తుంది?" అని మీ పెళ్ళిలో నలుగురి ముందూ నవ్వారు, గుర్తుందా? ఆ పురుగే చదివింది.

వచ్చే ఏడాది ఆదాయం మూడింతలవుతుందని రాశారు. సగం గ్యాస్ ఊరి చివరి గాజు కర్మాగారమే కొంటుందన్నారు. నిన్న అక్కడికి వెళ్ళాను. కాపలావాడి భార్య కొలిమి మీద బట్టలు ఆరేసుకుంటోంది. "ఇది మళ్ళీ ఎప్పుడు వెలిగిస్తారమ్మా?" అని అడిగాను. "ముందు మా జీతం ఇవ్వమనండి బాబూ, మా పొయ్యి వెలుగుతుంది" అని నవ్వింది.

సోమవారం చెల్లెలు తన టైలరింగ్ షాపు అమ్మేసి మీ షేర్లు కొంటుందట. వద్దన్నాను. "ఆయన లెక్క తప్పదన్నయ్యా. నీకు ఆయనంటే మొదట్నుంచీ గిట్టదు" అంది. రెండో మాట నిజమే. అందుకే నేను చెబితే నమ్మదు.

కాబట్టి ఆదివారం మీరే దాన్ని అక్కడికి తీసుకెళ్ళి, ఆ కొలిమి మీద చెయ్యి పెట్టించండి. చురుక్కుమందంటే, నా పుస్తకాలన్నీ తూకానికి అమ్మి నేనూ మీ షేర్లే కొంటాను.

ఇట్లు,
మీరంటే గిట్టని బావమరిది