టేపులో దగ్గు

శనివారం, కువాలా సెలంగోర్

రష్యాలో రాక్ పాటకు దారి వేసిన ఆ గాయకుణ్ణి అప్పట్లో వేదిక ఎక్కనిచ్చేవారు కాదట. స్నేహితుల వంటిళ్లలో పాడేవాడు. ఎవరో టేపు చేస్తే ఊరంతా కాపీలు తీసుకునేవారు. అలాంటి వంటింట్లో తానూ ఉన్నానని, టేపులోని దగ్గు తనదేనని మా ఆయన పెళ్లయిన నాటి నుంచీ చెబుతున్నారు. మాస్కోలో డాక్టరీ చదివిన ప్రతివాడూ అలాగే అంటాడులే అనుకుని నేను నమ్మలేదు.

ఈ రోజు అమ్మాయి ఆ టేపులోని గరగర తీయించి ఫోన్లో వినిపించింది.

"నాన్న దగ్గే లా, అమ్మా" అంది, ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

నిజమే. చిన్నగా మొదలై చివర్లో కీచుమంటుంది. ఆ వెంటనే, పక్కనే, ఒక ఆడమనిషి మెల్లని నవ్వు.

"పక్కనెవరండీ?" అన్నాను.

"ఏటోనే, గదినిండా జనమే గదా" అన్నారు.

పొయ్యి పక్కన మూలన ఒంటరిగా కూర్చున్నానని ఇన్నేళ్లూ చెప్పింది ఆయనే. గాయకుడు పోయినా అక్కడి పిల్లలు ఇప్పటికీ ఆ పాటలు పాడుకుంటారట. పాటతో పాటు ఇంకేమేం మిగిలాయో...

భోజనాల దగ్గర ఆయనకు పొలమారింది. ఎప్పుడూ తల మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అనేదాన్ని. ఈ రోజు మంచినీళ్లు ముందుకు జరిపాను గానీ, ఆ మాట నోట రాలేదు.