నాన్నకి లొంగిన మిర్చి

మార్చి, శనివారం రాత్రి

డైరీ మహారాజా, బయోకెమిస్ట్రీ పట్టభద్రుడినైన నేను నీ తెల్లటి పేజీని ఎంజైముల పేర్లతో మైలపరచబోతున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

సాయంత్రం కల్లంలో నాన్న ఎప్పటిలాగే చెప్పుల్లేకుండా ఎండుమిరపకాయల్ని కాళ్లతో తిరగేస్తున్నాడు. నేనూ దిగాను. నాలుగడుగులకే అరికాళ్లు భగ్గుమని గంతులేశాను.

"ఏరా, డిగ్రీ చదివిన కాళ్లకి అంత మంటా? నాకు చూడు, ఈ ఏడు చురుక్కుమనడం కూడా లేదు. మిర్చి నాకు లొంగిపోయిందిరా!" అన్నాడు.

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏళ్ల తరబడి షుగరున్న మనిషికి మంట తెలియడం లేదంటే, లొంగింది మిర్చి కాదు. పాదాల్లోని నరాలు, వాటికి రక్తం అందించే సన్నటి నాళాలు. చక్కెర పెరిగితే ఒంట్లో ఒకరకం తుప్పు పడుతుంది. దాన్ని తుడిచే కాటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైములు పోను పోను అలసిపోతాయి. ప్రాజెక్టు వైవాలో ఇదంతా గడగడా అప్పజెప్పి శభాష్ అనిపించుకున్నాను. అలసిన ఎంజైముని నిద్రలేపి పనిలోకి పంపడం మాత్రం సిలబస్‌లో లేదు.

"నాన్నా, సోమవారం గుంటూరు వెళ్లి పాదాలు చూపిద్దాం."

"ముందు కాయ బస్తాల్లోకి తొక్కనీరా. కాళ్లెక్కడికి పోతాయి?"

ఎక్కడికి పోతాయో పుస్తకాల్లో చదివినవాణ్ని: ఆపరేషన్ బల్ల మీదికి.

నేను నిజంగా చేసిన ఘనకార్యం ఒక్కటే, ఒప్పుకుంటున్నాను. ఆయన మంచం మీద కాళ్లు చాపుకుని టీ తాగుతుంటే, ఎండిన మిరప పుల్ల తీసుకుని అరికాలిలో గట్టిగా గుచ్చాను. మబ్బు పట్టింది, కాయ మీద పట్టాలు కప్పాలని ఆయన అమ్మతో చెబుతూనే ఉన్నాడు.