రజబ్ ఒకటో తారీఖు

2017 నవంబర్ 3, శుక్రవారం. దమ్మామ్.
మొదటి మ్యాచ్. గెలిచాం. ఫుట్‌బాల్ టోర్నమెంటు నడిపే మలయాళీలు మనవాళ్ళకి క్రికెట్ తప్ప ఏం రాదనుకున్నారు. మా క్యాంపు టీమ్‌లో పద్దెనిమిదిమందిమి. గోల్‌కీపర్ ఎల్లన్న స్కాఫోల్డింగ్ మనిషి, మాది ఒకటే జగిత్యాల. నేను సైటులో హాజరు రాసే టైమ్‌కీపర్‌ని, డిఫెన్స్‌లో ఆడతాను. టీమ్ లిస్టూ, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డుల కాపీలూ నా దగ్గరే ఉంటాయి.

2018 జనవరి 12
బయటిదేశం పనివాళ్ళ మీద లెవీ పెరిగింది. సౌదీవాళ్ళకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో మా కంపెనీ రెడ్‌లో పడింది. ఇక ఎవరి ఇకామా కూడా రెన్యూ కాదట. ఈ వారం నలుగురు ఫైనల్ ఎగ్జిట్ వేయించుకుని ఇంటికి పోయారు. ఇద్దరు ఫార్వర్డ్‌లు.

ఫిబ్రవరి 9
ఇంకో ముగ్గురు పోయారు. నన్ను కలుపుకుని సరిగ్గా పదకొండుమందిమి. టోర్నమెంటు మధ్యలో కొత్త పేర్లు తీసుకోరు. అయినా గెలుస్తున్నాం, ఎట్లాగో నాకే తెలియదు.
ఎల్లన్న కూడా ఇకామా తీరేలోగా వెళ్ళిపోవాలి. మూడేళ్ళ కొడుకుని ఇంతవరకు చూడలేదు. కానీ ఎగ్జిట్ పడితే లిస్టులోంచి పేరు తీసేస్తారు. నా ఇకామా ఎప్పటిదాక ఉన్నది తమ్మీ అని అడిగాడు. నిరుడు మార్చి 29న రెన్యూ అయిన కాగితం చూసి, ఏడాది కలిపి ఈ మార్చి 29 అన్నాను. అయితే 23న ఫైనల్ ఆడి, 25న ఎగ్జిట్ వేయించుకుంటా అన్నాడు.

మార్చి 14, బుధవారం
సెమీఫైనల్‌కి కాపీలు మళ్ళీ అడిగారు. ఎల్లన్న కార్డు మీద గడువు అరబ్బీ నెలలో, రజబ్ ఒకటి అని ఉంది. గోడ క్యాలెండర్ చూశాను. ఈ ఏడు రజబ్ ఒకటి మార్చి 18న పడింది. అరబ్బీల హిజ్రీ ఏడాది మన ఏడాదికన్నా పదకొండు రోజులు తక్కువని క్యాంపులో వంటవాడికి కూడా తెలుసు. తొమ్మిదేళ్ళుగా టైమ్‌కీపర్‌ని, నేను మరిచిపోయాను.
ఇప్పుడు చెబితే రేపు ఎగ్జిట్ పడుతుంది. ఎల్లుండి సెమీస్‌కి కీపర్ ఉండడు.
మ్యాచ్ అయ్యాక చెబుతాను.

మార్చి 16, శుక్రవారం
పెనాల్టీల్లో గెలిచాం. ఎల్లన్న రెండు ఆపాడు. నన్ను ఎత్తుకుని తిప్పాడు. చెప్పలేదు. రేపు కూడా ఆఫీసు సెలవు. ఆ సంగతి బుధవారమే నాకు తెలుసు.

మార్చి 18
పొద్దున్నే చెప్పాను. అప్పుడే చూసినట్టు చెప్పాను. హెచ్‌ఆర్‌లో కొర్నేలు గారు కంప్యూటర్ తిప్పి చూపించారు. గడువు తీరిన ఇకామా మీద ఎగ్జిట్ పడదు, కంపెనీ రెడ్‌లో ఉంది గనక రెన్యూ కూడా కాదు, ఎన్నాళ్ళో చెప్పలేనండి అన్నారు.
ఎల్లన్న మెట్ల మీద కూర్చున్నాడు. నీకు తెల్వక అయింది, నువ్వేం జేస్తవ్ తమ్మీ, అన్నం తిన్నవా అని అడిగాడు. నాకు సిగ్గేసింది. తిన్నాను అన్నాను.

మార్చి 23
ఫైనల్ ఓడిపోయాం. మూడు సున్నా. ఎల్లన్న గ్లవ్స్ వేసుకుని నేనే నిలబడ్డాను. అతను క్యాంపు గేటు దాటలేడు, దారిలో పోలీసుల ఇకామా చెకింగ్. నేను వచ్చాక గోల్స్ ఎట్లా పడ్డాయో ఒక్కొక్కటి చెప్పించుకున్నాడు. రెండు ఆపేటోణ్ణి అన్నాడు.

ఏప్రిల్ 11
క్యాంపులో కరెంటు రెండు గంటలు లేదు. ఎల్లన్న వీడియో కాల్‌లో కొడుక్కి బంతి పట్టడం చూపిస్తున్నాడు. బంతి లేదు. ఉల్లిగడ్డతో.

మే 3
నా ఇకామాకి ఇంకా టైముంది. ఎగ్జిట్ పడింది. రేపు ఫ్లైట్. గ్లవ్స్ ఎల్లన్న మంచం మీద పెట్టాను. ఈ డైరీ కూడా అక్కడే పెట్టి పోతున్నాను. మార్చి 14 పేజీ మడిచాను. అతనికి చదవడం వచ్చు.