నీ పాత ఫోనులో వాన కబురు

చిరంజీవి కోటేష్‌కు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ నాన్న, నేను, నీ భార్య శ్రీరమ్య, ఆమె కడుపులోని బుజ్జిది, అందరం బాగున్నాం. అక్కడి మంచులో నువ్వూ బాగున్నావనే నమ్ముతున్నాను. ఫోను కలవని చోటికి వేశారని మీ మిలిటరీవాళ్లను రోజూ తిట్టుకునేదాన్ని. నీ చేతిరాత చూశాక కోపం కొంచెం తగ్గింది.

నువ్వడిగినవి ముందు చెబుతాను. నాన్న మోకాలు నయమే. మిరప రెండో కోత అయింది, కాయ కల్లంలో ఆరుతోంది. శ్రీరమ్యను చీరాల తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించాం. ఆరో నెల, అంతా బాగుందన్నారు. "పొద్దస్తమానం ఆ కంప్యూటరు ముందు కూర్చుంటోంది, నువ్వు చెబితే వింటుంది, ఉద్యోగం మాన్పించమ్మా" అని రాశావే, ఆ సంగతి దగ్గరికే వస్తున్నాను.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మజ్జిగ పట్టుకుని మేడ మీదికెళ్లాను. శ్రీరమ్య కంప్యూటరు నిండా ఎర్ర అక్షరాలు! వాళ్ల ఆఫీసువాళ్లు రైతులకు వాన కబురు చెప్పే యాప్ చేస్తున్నారు. రాసిన ముక్కలన్నీ కలిపి యాప్‌గా కట్టడాన్ని బిల్డ్ అంటారట. అది కావడం లేదు. మర్నాటికి ఇచ్చి తీరాలి.

"ఇన్ని తప్పులేంటమ్మాయ్?" అన్నాను కంగారుగా.

"అన్నీ తప్పులు కాదత్తయ్యా. పైనున్నదొక్కటే అసలుది. మిగతావి దాని వెనకాల వచ్చినవే" అంది.

బియ్యంలో రాళ్లేరినంత నిదానంగా ఆ అక్షరాలన్నీ చదివింది. ఎక్కడ చెడిందో ఆ యంత్రమే చెబుతుందట, వినే ఓపిక ఉండాలట. మనింట్లో ఎవరికుందిరా అంత ఓపిక? మీ నాన్నయితే దాన్ని మేడ మీంచి కింద పడేసేవారు.

కొత్తగా చేర్చిన మ్యాపు ముక్క, కొత్త ఫోన్లలోనే పనిచేస్తానని మొరాయించిందట. ఇంతలో ఆమె పైఅధికారి సంజీవరావు గారు ఫోను చేస్తే స్పీకరులో పెట్టింది.

"పాత ఫోన్లు వదిలెయ్యమ్మా. ఫోను ఎంత కొత్తదై ఉండాలో చెప్పే అంకె సెట్టింగులో ఉందిగా, ఆ ఒక్కటి పెంచితే బిల్డ్ అయిపోతుంది."

ఆమె నా చేతిలోని ఫోను తీసుకుని చూసింది. నువ్వు వాడి నాకిచ్చిపోయావే, అద్దం మీద గీత పడింది, అదే.

"అంకె పెంచితే మా అత్తయ్య ఫోనులోకే ఎక్కదు సార్. మా ఊరి కల్లాల్లో సగం ఇలాంటివే. మరి వాన వస్తోందని ఎవరికి చెబుదామండీ?" అంది.

"సరే, సాయంత్రం దాకా చూడు" అని ఆయన పెట్టేశారు.

నేను అక్కడే కూలబడ్డాను. పాత ఫోన్లతో కుదిరే ముక్క ఒకటి వెతికి పెట్టింది. మళ్లీ ఎరుపు. దానికీ ఇంకోదానికీ పడదట. దాన్ని సర్దింది. మళ్లీ ఎరుపు. విసుక్కోలేదురా! ఒక్కటి మార్చడం, చూడటం, కుదరకపోతే ఎప్పటిలా పెట్టేయడం. దీపాలు పెట్టే వేళకి ఎరుపంతా పోయి పచ్చగా వచ్చింది. యాప్ నీ పాత ఫోనులోకి ఎక్కింది. మర్నాడు ఊళ్లో మిగతావాళ్ల ఫోన్లలోకీ ఎక్కించింది.

శుక్రవారం ఎండ కాస్తుండగానే కల్లంలో నా ఫోను అరిచింది. "వాన వస్తోంది, కాయ కప్పుకోండర్రా!" నా గొంతేరా అది! పోయిన నెల శ్రీరమ్య నా చేత ఆ మాట చెప్పించి ఎందుకు రికార్డు చేసుకుందో అప్పుడర్థమైంది. పక్క కల్లంలో ఖుర్షిదా నడుముకు దోపుకున్న ఫోనులోంచీ నేనే, అవతల యలమంద జేబులోంచీ నేనే. అందరం పట్టాలు లాగాం. ఆఖరి పట్టా మీద రాయి పెడుతుంటే చినుకు పడింది.

"నువ్వేమో ఇక్కడున్నావు, నా నడుములోంచి అరుస్తున్నావేంటక్కా!" అంటూ ఖుర్షిదా నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కౌలు చేను, ఏడాది కష్టం మరి.

ఇప్పుడు అసలు మాట. ఆ మంగళవారం మజ్జిగ ఒక వంక. ఉద్యోగం మానెయ్యమని చెప్పడానికే మెట్లెక్కాను. నువ్వు రాసిందే నాకూ సబబనిపించింది. చెప్పకుండా దిగాను. ఇక చెప్పను కూడా. కాళ్లు వాచకుండా వాటి కింద ఎత్తుపీట వేయించాను, మధ్యమధ్య లేపి నడిపిస్తున్నాను. బిడ్డ పుట్టాక ఎత్తుకోవడానికి నేనున్నాను.

నీ ఉత్తరం ఆమెకు చూపించలేదు. ఈసారి ఆమెకే రాయి, ఆ రోజు ఏం చేసిందో అడుగు. మానెయ్యమనే మాటకు మాత్రం నా గొంతు అడక్కు నాన్నా. అదిప్పుడు ఆమె దగ్గర పనిలో ఉంది.

ఇట్లు,
కల్లంలోంచి నీ అమ్మ,
సుబ్బరావమ్మ