బోణీ కాని శుక్రవారం

ఏలూరు,
21 ఆగస్టు, 1955.

పూజ్యురాలైన రత్నాంబక్కయ్యకు తమ్ముడు పెట్టే దణ్ణాలు. గూడెంలో అమ్మా నాన్నా, హాస్టల్లో నేనూ, నా మీద ఆధారపడి బతికే నల్లులూ అందరం క్షేమం. మద్రాసులో నువ్వూ, యోసేపు బావగారూ, చంటిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా ఒక మహాపరాధానికి క్షమాపణ. బి.ఏ. చదవమని పంపితే, నేను పోయిన ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమా చూశాను. చూసి ఊరుకోక, దాని మీద వ్యాఖ్యానం నీ నెత్తిన రుద్దబోతున్నాను. ఇంతటి ఘోరం మన వంశంలో ఏడు తరాలుగా ఎవరూ చేసి ఎరగరు. పెద్దమనసుతో మన్నించవలెను.

నువ్వు బండిలోంచి రాసి పడేసిన కార్డు నిన్న అందింది, అందులో అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఈ వానలకి కాస్త పెరిగింది. నా చదువా, పుస్తకాలు నిక్షేపంగా ఉన్నాయి, ఒక్క పేజీ నలగలేదు. "నా ఉత్తరం చదివి నాన్న ఏమన్నారు?" అన్న మూడో ప్రశ్న దగ్గరికి సినిమా మీదుగానే రావాలి.

అందులో ఒకావిడ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉంటుంది. తలుపు అవతల హంతకుడున్నాడని మనకు తెలుసు, ఆవిడకు తెలియదు. పాట లేదు, మాట లేదు, వాయిద్యాలు కూడా ఆపేశారు. గోడ గడియారం, తలుపు పిడి, అంతే. పిడి కొంచెం తిరుగుతుంది. ఆగుతుంది. హాల్లో వేరుశెనక్కాయలు వలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. నా రూమ్మేటు పెద్దింటయ్య నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వాడిది మండవల్లి. బయటికొచ్చాక మాత్రం గొప్పలు పోయాడు.

"ఇదేం వింతరా? కొల్లేట్లో మా నాన్న వలేసి ఇలాగే కూర్చుంటాడు, దగ్గు కూడా మింగేసి."

"అయితే మీ నాన్న చేతే సినిమా తీయిద్దాం."

"తీస్తాడు గానీ, ఎత్తాల్సినప్పుడు ఎత్తకపోతే వల్లో బురదేరా."

నవ్వేశాను. రెండు రోజులు హాస్టలంతా తిరిగి నిశ్శబ్దం గొప్పతనం మీద నోరు మూయకుండా ఉపన్యాసాలిచ్చాను.

ఆ మంగళవారమే నీ ఉత్తరం నా చేతికొచ్చింది. "శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటి బండిలో మద్రాసు వెళ్తున్నాం. గూడెంలో రెండు నిమిషాలు ఆగుతుంది. నాన్న ప్లాట్‌ఫారం మీద కనిపిస్తే చంటిదాన్నెత్తుకుని దిగుతాను. కనిపించకపోతే, యోసేపుని చేసుకున్న కూతురు ఆయనకింక లేనట్టే. ఇది నువ్వే నాన్న చేతికివ్వు." రెండేళ్ళుగా మనింట్లో నీ పేరెత్తినవాళ్ళు లేరు. గురువారం సాయంత్రానికే గూడెం చేరాను.

శుక్రవారం వాన. నాన్న కొట్టు తెరిచి, త్రాసుకు దణ్ణం పెట్టి, గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. ఏడున్నరకు అడిగాను.

"నాన్నా, స్టేషనుకి వెళ్దాం రండి."

"బోణీ కానీరా."

నీకు తెలుసుగా, బోణీ కాందే ఆయన అక్కణ్ణించి లేవరు. దేవుడు ప్రత్యక్షమైనా ముందు కాస్త ఉప్పు కొనుక్కోమంటారు. నేను కొంటానన్నాను. "ఇంటివాడి బోణీ బోణీ కాదురా," అన్నారు.

బజార్లో పిట్ట లేదు. గడియారం, త్రాసు, వాన. త్రాసు పళ్ళెం గాలికి కొంచెం కదిలింది. ఆగింది. ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా మన వీధి దుర్గమ్మ తలమీద కొంగేసుకుని వచ్చి చూరు కింద నిలబడింది.

"ఏం కావాలమ్మా?" అన్నారు నాన్న.

"ఏమొద్దండీ. వాన తగ్గేదాకా నిలబడతానండీ."

బండి కూత వినిపించింది. "నాన్నా, రండి!" అన్నాను.

"ఎందుకురా కంగారు? ఎక్కడికీ పోదులే."

నువ్వు కిటికీలోంచి ప్లాట్‌ఫారమంతా వెతుకుతున్న ఆ రెండు నిమిషాలూ, అక్కయ్యా, నేను గడియారం ముల్లు చూస్తూ నిలబడ్డాను. రెండో కూత వేసి బండి వెళ్ళిపోయింది. "పోనీ కాసిని మిరియాలివ్వండి, పిల్లాడికి దగ్గు," అంది దుర్గమ్మ. నాన్న ఆవిడిచ్చిన అణా కళ్ళకద్దుకుని, గొడుగు తీసి, "పద," అన్నారు.

తడిసిన ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. నాన్న పట్టాలకేసి చాలాసేపు చూశారు.

"మీ అక్క వెళ్ళింది కూడా ఈ స్టేషన్నించేరా," అన్నారు. "వస్తున్నానని ఒక్క ముక్క రాస్తే, కొట్టు తెరిచిపెట్టి వచ్చేద్దును. బోణీ లేదు, గీణీ లేదు."

ఇక సినిమా అయిపోయింది, అక్కయ్యా. మూడో ప్రశ్నకు జవాబు ఇదే. నీ ఉత్తరం చదివి నాన్న ఏమీ అనలేదు, ఎందుకంటే చదవలేదు. గోనెసంచుల పార్సిలొచ్చిందని చెప్పాను. ఎక్కడికీ పోదన్నది ఆ పార్సిలు. కిటికీలో నువ్వూ, ఎదురుగా ఏమీ తెలియని ఆయనా ఒకరినొకరు చూసుకునే క్షణాన్ని నేను పక్కన నిలబడి చూడాలనుకున్నాను. కూత వినపడ్డాక కూడా, చెబితే ఆ క్షణం పాడైపోతుందని ఇంకొక్క నిమిషం చూశాను. ప్లాట్‌ఫారం మీద ఆయన ఆ మాటన్నాక ఇక చెప్పే ధైర్యం లేకపోయింది. రేపు మొదటి బండికి గూడెం వెళ్ళి, కొట్టు తెరవకముందే చెబుతాను.

నిన్ను వద్దన్నది నాన్న కాదు. నేను చేసింది ఒక్కటే. నీ ఉత్తరం ఆయన చేతికివ్వలేదు.

ఇట్లు,
నువ్వు నమ్మి రాసిన తమ్ముడు
నరసింహమూర్తి